మేనత్త చేతి కోడీక

కూసో పిలగా. ఆ మంచం మీద కాదు, దాని పట్టె ఎప్పుడో ఇరిగింది, నీ బరువుకు పూర్తిగ కూలుతది. కింద గొంగడి మీద కూసో. మంట దిక్కు కాళ్లు చాపు. ఫోను జేబుల పెట్టు. నడుమల లేసిపోయి మల్ల వస్తే మాత్రం మొదటి సంది చెప్త, అది మా ఇంటి దస్తూరు.

నిన్న డిచ్‌పల్లి దాటంగ బస్సు కిటికీలకెల్లి చూసుకుంట, "తాతా, ఇంత పాత దవాఖాన ఈడ ఎవరు కట్టిండ్రు?" అని అడిగితివి. మంచి మాటే అడిగినవు. గని బతుకంత పిల్లలకు పాఠం చెప్పినోణ్ణి, ఒక్క ముక్కల జవాబు చెప్పుడు నాకు చేత కాదు. దవాఖాన ముచ్చట చెప్పాలంటే మా మేనత్త ముచ్చట చెప్పాలె. మేనత్త ముచ్చట రావాలంటే అప్పటి ధర్పల్లి నీ కండ్లముందు నిలవడాలె. కాబట్టి ఓపిక పట్టు. లేకున్నా పట్టు.

నిజాంసాగర్ కట్ట ఇంక పూర్తి కాని రోజులవి. ఆ కట్ట 1931ల అయింది. అంతకు రెండు మూడేండ్ల ముందటి ముచ్చట అనుకో. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ లేదు, అది 1937ల వచ్చింది. ఇప్పుడది మూతపడి తుప్పు పడుతున్నది గని, అప్పుడు దాని పొగగొట్టం కూడ పుట్టలేదు. చెరుకు పండిస్తే గానుగ ఆడి బెల్లం చేసుకొనుడే. చుట్టమొస్తే ఛాయ్ అనే మాట లేదు. కాళ్లకు నీళ్లిచ్చి, ఇంత బెల్లంముక్క, చెంబెడు మంచినీళ్లు ముందర పెడితే మర్యాద అయిపోయినట్టే. బెల్లంముక్క సైజును బట్టి చుట్టం ఎంత దగ్గరోడో తెలిసేది. మా నాయినమ్మ చేతుల బెల్లం కొట్టే రాయి ఉంటే అల్లుండ్లు కూడ జర భయపడుతుండ్రట.

రూపాయి అంటే ఇప్పటి రూపాయి కాదు. మాది నిజాం సర్కారు హాలి సిక్క. ఇంగ్రేజోళ్లది కల్దారు. ఆరు కల్దారు రూపాయిలు కావాలంటే మనవి ఏడు ఇయ్యాలె, కొంచెం అటిటు. పదహారణాలకు ఒక రూపాయి. అణా చేతుల ఉంటే అంగడికి పోయేటోడు ఛాతి ఎత్తుకొని పోయేది. అగ్గిపెట్టె కొనుడు అంటే దుబారా అన్నట్టు. పొద్దుగూకంగ ఎవరింట్ల పొయ్యి ముందు అంటుకుంటే, ఆ ఇంటికెల్లి పెంకు మీద రెండు నిప్పు కణికలు తెచ్చుకొని మిగిలినోళ్లు అంటువెట్టుకొనేది. నిప్పు తెచ్చుడు ఆడపిల్లల పని. ఈ మాట యాది పెట్టుకో, దీనితోటి పని ఉన్నది.

రోగమొస్తే ఏం చేసేటోళ్లు అంటవా? ముందుగాల లంకణం. లంకణంతోటి పోకుంటె కషాయం. కషాయంతోటి పోకుంటె పోచమ్మకు బోనం, ఎల్లమ్మకు కోడి. అప్పటికీ పోకుంటె మనిషే పోయేది. గత్తరొస్తే ఊరు ఊరంత చేన్లకు లేసిపోయేది. అడవి దగ్గరి ఊర్లు కదా, చలిజ్వరం ప్రతి ఇంట్ల ఒక మంచం పట్టి ఉండేది. ఇందూరుల, అంటే నిజామాబాద్‌ల, హకీంలు ఉండిరి, సర్కారు దవాఖాన ఉండె. గని ధర్పల్లికెల్లి బండి కట్టి ఆడిదాంక పోవాలంటే రోగికంటే ముందు ఎద్దులు అలిసిపోయేటియి.

అగో, ఎద్దుల దిక్కు పోతున్న. నీకేం, నువ్వు ఆపవు. మేనత్త దగ్గరికి వద్దాం.

మా నాయినకంటె పెద్దది ఆమె. అప్పటికి ఎనిమిది తొమ్మిదేండ్లుంటయి. చురుకు పిల్ల, నోరు పెద్దది. ఒకనాడు తలకు పోయంగ మా నాయినమ్మ చూసింది: ఎడమ మోచేతి కింద ఒక మచ్చ, చెంప మీద ఇంకొకటి. తెల్లగ కాదు, జర పాలిపోయినట్టు. పైసంత ఉన్నయి. గోకదు, మండదు, నొప్పి లేదు. "శోభి" అన్నరు. ఆకు పసరు రాసిండ్రు. పసరు ఎండినంక మచ్చ ఆడనే ఉన్నది. నొప్పి లేనిదానికి ఏం తొందర అని ఊకున్నరు. పంటి నొప్పి వస్తే రాత్రికి రాత్రి బండి కట్టే మనుషులు, నొప్పి లేని మచ్చను ఏడాదిన్నర చూసుకుంట కూసున్నరు. ఎవరిని తప్పు పడతవు? నువ్వు మాత్రం నీ మోటరుసైకిల్ చప్పుడు చేస్తేనే గద మెకానిక్ దగ్గరికి పోతవు.

ఇగ నిప్పు ముచ్చట. మేనత్త పక్కింటికెల్లి పెంకు మీద నిప్పులు తెచ్చేది. మిగిలిన పిల్లలు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంట, ఉఫ్ ఉఫ్ అనుకుంట ఉరుకుతుంటే, ఈమె మెల్లగ నడుచుకుంట వచ్చేది. మా నాయినమ్మకు అదొక గొప్ప. వాకిట్ల కూసున్న నలుగురి ముందర, "చూడుండ్రి నా బిడ్డను, నిప్పును పువ్వు తీరు పట్టుకొస్తది, మీ మొగపిలగాండ్లకు ఉన్నదా ఈ గుండె!" అని పేరు పెట్టి పిలిచి మల్ల తెప్పించేదట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చిటికెన వేలు అంచున బొబ్బలు లేచేటియి. వాటికింత వెన్న రాసేది, మల్ల మెచ్చుకొనేది.

అట్ల మెచ్చుకుంటున్న ఒకనాడు వాకిలి బయట మిషనోళ్ల బైబిలమ్మ నిలబడి ఉన్నది. మిషన్ తరఫున ఊరూరు తిరిగి పాటలు పాడుకుంట, కథలు చెప్పుకుంట పోయే ఆడమనిషి. మా వాడకట్టుల ఆమెను గడప దాటనియ్యరు. ఆమె పుట్టిన వాడ వేరు కదా, అప్పటి కట్టుబాటు అది. నీళ్లు అడిగితే కూడ ఎత్తుకెల్లి దోసిట్ల పోసేటోళ్లు. అయినా ఆమె వచ్చేది. ఆమె దూరం నుంచే బొబ్బ చూసింది.

"అవ్వా, కాలినప్పుడు పిల్ల ఏడ్చిందా?"

"ఏడుస్తదా? మా పిల్ల గట్టిది."

"ఏడ్వకపోవుడే రోగమవ్వా. డిచ్‌పల్లికి తోల్కపోండ్రి, జల్ది తోల్కపోండ్రి."

డిచ్‌పల్లి అనంగనే నాయినమ్మ చేతుల చీపురు లేసింది. ఎందుకంటే అప్పటికే ఈ చుట్టుపక్కల డిచ్‌పల్లి దవాఖాన అంటే పెద్దరోగపు దవాఖాన, అంటే కుష్టు దవాఖాన, అని అందరికి తెలుసు. ఆ పేరు ఇంటిముందర పలికినా ఇంటికి మైల అన్నట్టు. బైబిలమ్మను తిట్టిన తిట్లు మా నాయినమ్మ ముసలితనంల కూడ మరిచిపోలేదు. అప్పజెప్పుతుండె, చెప్పి చెంపలేసుకుంటుండె.

ఇంట్ల మాత్రం ఆ రాత్రి ఎవరూ సక్కగ తినలేదట. పొద్దుగాల ఒక మంత్రగాడు వచ్చిండు, కోడి, రూపాయి పట్కపోయిండు. మచ్చ ఆడనే ఉన్నది. ఇంకొకాయన గంధకం పూసిండు, తోలు ఊడింది, కింద మచ్చ మల్ల ఆడనే ఉన్నది. పిల్లను బతుకమ్మకు పంపుడు బంద్ చేసిండ్రు. రవికె చేతులు పొడుగు కుట్టించిండ్రు. గోటితోటి పోయేదాన్ని గొడ్డలి దాంక తెచ్చుకొనుడు అంటే ఇదే.

మా తాత నోట్లె నాలుక లేని మనిషి. పెండ్లాం ముందర అస్సలుకే లేదు. పసుపు అమ్మెటందుకు ఇందూరు పోతున్న అని చెప్పి, బండి డిచ్‌పల్లిల ఆపిండు. దవాఖాన గేటు ముందర చాన సేపు నిలబడి, ఆఖరికి ఒక కంపౌండరును పట్టుకొని, "మా ఊర్ల ఒకాయన ఉన్నడు. ఆయన బిడ్డకు మచ్చలున్నయి. ఆయన అడిగి రమ్మన్నడు" అన్నడు. కంపౌండరు మా తాతను కింది నుంచి మీదికి చూసి, "ఆ ఒకాయనకు చెప్పు, బిడ్డను తోల్కొని ఆయన్నే రమ్మను. వచ్చేటప్పుడు ఈ బండ్లనే రమ్మను, ఎద్దులకు తొవ్వ తెలిసింది కదా" అన్నడట. ఈ మాట చెప్పినప్పుడల్లా మా తాత నవ్వేది. ఆ రోజు మాత్రం నవ్వలేదట.

ఇగ నువ్వడిగిన మాటకొచ్చిన. ఎవరు కట్టిండ్రు?

స్కాట్లాండ్ అని ఉన్నది, ఇంగ్లండుకు మీది దిక్కు, చలి దేశం. ఆడ 1875ల పుట్టింది ఇసబెల్ అనే ఆడపిల్ల. ఆబర్డీన్ యూనివర్సిటీల డాక్టరీ చదివి 1903ల పట్టా తీసుకున్నది. ఆడోళ్లు డాక్టరీ చదువుడు ఆడ కూడ అప్పుడు కొత్తే, మనమే ఎనుకవడ్డమని సిగ్గుపడకు. కేర్ అనే పాద్రి దొరను పెండ్లి చేసుకొని, ఇద్దరు కలిసి 1907ల వెస్లియన్ మిషన్ తరఫున మన దేశమొచ్చిండ్రు. ఆ మిషన్ పెద్ద ఠాణా మెదక్‌ల. పాస్నెట్ దొర పెద్ద చర్చి కట్టించిండు చూడు, 1924 క్రిస్మస్ నాడు తెరిచింది, ఆ మిషనే.

కేర్ దొరసాని నిజామాబాద్‌ల దవాఖాన చూసుకుంటుంటే, జ్వరాలోళ్ల ఎనుక, కాన్పులోళ్ల ఎనుక, దూరంగ చెట్లకింద కూసొని ఉండేటోళ్లట పెద్దరోగపోళ్లు. దగ్గరికి రారు, పోనూ పోరు. ఇండ్లకెల్లి ఎల్లగొట్టబడ్డోళ్లు యాడికి పోతరు? వాళ్ల కోసమని ముందు చిన్నగ ఒక జాగ ఏర్పాటు చేసిండ్రు. వచ్చేటోళ్లు ఎక్కువైండ్రు, జాగ సాల్లేదు. పైసలు కావాలె. అప్పుడు పైసలిచ్చింది ఎవరనుకున్నవు? లండన్ రాజు కాదు. మన రాజా నర్సా గౌడ్. మనోడే, హిందువే, ఉన్నోడు. పాద్రులకు నేనెందుకియ్యాలె అని అనుకోలేదు. అట్ల 1915ల డిచ్‌పల్లిల పెద్ద దవాఖాన అయింది. విక్టోరియా దవాఖాన అని పేరు పెట్టిండ్రు, అది రాణి పేరు. నన్నడిగితే గౌడ్ పేరు పెడితే బాగుండు అంట. గని నన్నెవరడిగిండ్రు!

రాజ్యం నిజాం నవాబుది, సొమ్ము హిందువుది, చెయ్యి క్రైస్తవులది. ఇప్పుడు టీవీల కూసొని కొట్లాడుకునేటోళ్లకు ఈ ముచ్చట చెప్తే నమ్ముతరో నమ్మరో. పాద్రులు మతం చెప్పెటందుకే వచ్చిండ్రు, దాంట్ల దాపరికం లేదు. వాళ్లే దాయలేదు, నేనెందుకు దాస్త? గని కన్నతల్లి ముట్టని పుండును కూసొని కడిగిండ్రు. ఈ రెండు మాటల్ల ఒకటి చెప్పి ఒకటి మింగేటోని మాట నమ్మకు.

సరే. బండి కట్టిండ్రు. పొద్దున పోతే ఊరు చూస్తదని రాత్రి కట్టిండ్రు. ఇందల్వాయి దాంక పోతే రైలు ఉన్నది, జల్దిగ పోవచ్చు. గని రైల్ల ఎవరన్న చూసి దింపితే పరువు పోతదని మొత్తం బండ్లనే. ఎద్దుల మెడ గంటలు విప్పిండ్రు, చప్పుడు కావద్దని. గంటలు లేని బండి రాత్రిపూట పోతే దొంగబండి అనుకోరా? పొలిమేరల తలారి ఆపనే ఆపిండు. "యాడికి?" అంటే తాత నోరు తెరిచేలోపల మేనత్త లేసి "దవాఖానకు, నాకు మచ్చలైనయి" అని చెప్పేసింది. నోరు పెద్దది అన్న కదా. తెల్లారేవరకు ఊరందరికి తెలిసింది. గంటలు ఊకెనే విప్పిండ్రు.

దవాఖానల ఒక నర్సమ్మ చూసింది. మన తెలుగామెనే. పిల్లను పీట మీద కూసోపెట్టి, చేతుల కోడీక పట్టుకొని, "కండ్లు మూసుకో. నేను యాడ తాకితే ఆడ నీ వేలు పెట్టి చూపియ్యాలె. ఆట అన్నట్టు" అని చెప్పింది. ముక్కు మీద తాకిస్తే ముక్కు చూపింది. మెడ మీద అంటే మెడ. కుడి చెయ్యి, కాలు, చెవి, అన్ని సక్కగ చూపించింది. నవ్వుతున్నది, ఆటల గెలుస్తున్న అని. నర్సమ్మ మోచేతి మచ్చ మీద ఈకతోటి రాసింది. పిల్ల కదల్లేదు. మల్ల రాసింది. చెంప మచ్చ మీద రాసింది. పిల్ల కండ్లు గట్టిగ మూసుకొని, వేలు గాల్ల పెట్టుకొని కూసున్నది. జరసేపటికి, "ఏమాయె, తాకుతలేవేంది? ఇంకెంతసేపు మూసుకోవాలె?" అన్నది.

ఎనుక నిలబడ్డ మా నాయినమ్మకు అప్పుడు అర్థమైంది. గోడకు ఆనుకొని కిందికి కూసున్నదట.

ఏం జరుగుతదంటే, ఆ రోగపు పురుగు తోలుకంటె ఎక్కువ నరాన్ని పట్టుకుంటది. హాన్సెన్ అనే నార్వే డాక్టరు 1873ల్నే ఆ పురుగును కనుక్కున్నడు. మెల్లగ, చాన మెల్లగ పనిచేస్తది. మోచేతి ఎనుక నరం ఉంటది చూడు, దెబ్బ తగిలితే చిటికెన వేలు దాంక జివ్వుమంటది, దాన్ని పడితే చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతయి, తర్వాత లోపలికి వంగుతయి. వేళ్లు ఊడిపోతయి అంటరు జనం. ఊకెనే ఊడవు. కాలినా, తెగినా, రాత్రి ఎలుక కొరికినా తెల్వది కాబట్టి పుండ్లై, పుండ్లు ముదిరి కరుగుతయి. నొప్పి మనకు శత్రువు అనుకుంటం. అదే కావలి కుక్క. అది మొరగకుంటే దొంగ ఇల్లంత దోస్తడు.

ఇంకో మాట. జనం భయపడ్డంత అంటురోగం కాదది. నూరుల తొంభై అయిదు మందికి ఒంట్లనే దాన్ని ఆపే శక్తి ఉంటది. మా ఇంట్ల ఒక్క గుడిసెల ఎనిమిది మంది పడుకునేది, ఇంకెవ్వరికి రాలేదు.

మందు ఏంది? అప్పుడు గోళి లేదు. పడమటి కనుమల దిక్కు అడవుల్ల పెరిగే ఒక చెట్టు గింజల నూనె. చాల్‌మోగ్రా జాతి నూనె అనేటోళ్లు. తాగితే కక్కు వస్తది. కలకత్తాల మ్యూర్ అనే డాక్టరు అట్లాంటి నూనెను సూదితోటి ఎక్కించే పద్ధతిని బాగ చేసిండు, కేర్ దొరసాని ఆ పద్ధతి డిచ్‌పల్లిల నడిపించింది. అందరు ఈ రోగానికి ఆశ్రమం కట్టి తిండి పెడితే చాలు, సచ్చేదాంక చూసుకుంటే చాలు అనుకునే కాలంల, కాదు, ఇది దవాఖాన, రోగి బాగై ఇంటికి పోవాలె అని నిలబడ్డది ఆమె. ముదిరినంక వస్తే నూనె గెలవదు, పిల్లలుగ ఉన్నప్పుడు, మచ్చ కాడనే తోల్కొని రాండ్రి అని మొత్తుకునేటోళ్లు. మొక్కగ ఉన్నప్పుడే వంచాలె కదా. 1923ల మొగుడు పెండ్లాలిద్దరికి కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చిండ్రు.

సూది అంటే ఇప్పటి దోమకాటు సూది అనుకున్నవా? లావు సూది, చిక్కటి నూనె. మచ్చ చుట్టూ తోలుల ఎక్కిస్తరు. వాచిపోయేది, జ్వరమొచ్చేది. మొద్దుబారిన కాడ నొప్పి లేదు గని, దాని అంచుల మీద మేనత్త అరిచిన అరుపుకు గేటు కాడ కూసున్న మా తాత లేసి నిలబడేటోడట. నిప్పుకు ఏడ్వని పిల్ల సూదికి ఏడ్చింది. అది విని నర్సమ్మకు సంతోషం, మా నాయినమ్మకు కోపం. ఎవరి లెక్క వాళ్లది.

మా నాయినమ్మ ఆడ పడ్డ పాట్లు వేరే. వాళ్లు వండింది తింటే కులం పోతదని చెట్టుకింద మూడు రాళ్లు పెట్టి సొంతంగ వండుకున్నది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. కట్టెలు కొనాలె, ఉప్పు కొనాలె, పసుపు అమ్మిన పైసలు అట్లనే కరిగినయి. ఒకనాడు ఈమెకే చలిజ్వరం పట్టింది. లేసేటందుకు లేదు. గంజి కాచి తెచ్చి తాగించింది ఎవరు? వాకిట్ల దోసిట్ల నీళ్లు పోయించుకున్న బైబిలమ్మ, తన రోగులను చూసెటందుకు వచ్చింది. తాగింది మా నాయినమ్మ. "కులం ఏమాయె?" అని నేను చిన్నప్పుడు అడిగితే, "జ్వరం దిగినంక మల్ల వచ్చింది" అన్నది.

మేనత్త ఆడ రెండేండ్లు దాటి ఉన్నది. కూసోబెట్టి తిండి పెట్టుడు కాదు, చేతనైనోళ్లందరు పని చెయ్యాలె, ఒళ్లు కదిలితేనే మందు పనిచేస్తది అనేటోళ్లు. తోటపని చేసింది, ఆడనే అక్షరాలు నేర్చింది. మా ఇంట్ల మొదటి సారి పలక పట్టింది ఆమె. మతం పుచ్చుకోలేదు. గని క్రీస్తు పాటలన్ని నోటికొచ్చినయి. తర్వాత్తర్వాత బతుకమ్మ కాడ వరసలు కలిపేసి పాడుతుంటే, ఊరాడోళ్లు తేడా తెల్వక ఉయ్యాలో అనుకుంట చప్పట్లు కొట్టేటోళ్లు.

మచ్చలు పోయినయి. చిటికెన వేలు మాత్రం జర వంగే ఉండిపోయింది. ఆమె ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, 1932ల, కేర్ దొరసాని ఉన్నట్టుండి చనిపోయిందని కబురొచ్చింది. ఆ రోజు మా ఇంట్ల పొయ్యి ఆలస్యంగ అంటుకున్నదని మా నాయిన అంటుండె.

బాగై వచ్చింది కదా, ఊరు సంబురపడ్డదా? యాడిది. బావి కాడ ఆమె బొక్కెన వేస్తే మిగిలినోళ్లు బిందెలెత్తుకొని పోయేటోళ్లు. అందరికంటె పెద్ద గొంతు మా పటేలుది. ఆయన అరుగు ముందర చెప్పులు విడిచి నడవాలె మేమంత. "రోగం పోయిందని కాయిదం ఉన్నదా?" అని అడిగిండట. తాత కాయిదం చూపిస్తే, "ఇంగ్రేజీల ఉన్నది, నేనెట్ల నమ్మాలె" అన్నడట. పెండ్లి సంబంధం ఒకటి వచ్చింది, వేలు చూసి పోయింది. ఇంకొకటి రాలేదు. ఆమె మా ఇంట్లనే ఉండిపోయింది, నన్ను ఎత్తుకొని పెంచింది ఆమెనే. పెద్దరోగం ఉంటే మొగుడు పెండ్లాలు విడాకులు తీసుకోవచ్చనే మాట మన చట్టంల 2019 దాంక ఉన్నది, తెలుసా? నా మేనత్త కాలాన్ని ఏమంటం ఇగ.

గని చూడు తమాష. పగలు బావి కాడ బిందెలెత్తుకున్నోళ్లే మాపటికి కొంగు చాటున పిల్లలను తెచ్చుడు షురువు చేసిండ్రు. "అక్కా, మా పోరనికి ఈపు మీద ఏందో ఉన్నది, జర చూడరాదే." ఆమె కోడీక తీసేది. కండ్లు మూసుకో, తాకిన కాడ వేలు పెట్టు. నూటికి తొంభై శోభి, తామర. ఎవలిదన్న పిల్లది వేలు గాల్ల ఆగితే మాత్రం ఒక్క మాట ఎక్కువ మాట్లాడకపోయేది. "రేపు బండి కట్టుండ్రి. గంటలు విప్పకుండ్రి" అనేది.

నాకు కూడ నెలకొకసారి పరీక్ష ఉండె. నేను కండ్లు మూసుకున్నట్టు చేసి సందుల చూసేది. ఆమెకు తెలిసేది. అప్పుడు ఈక బదులు వేపపుల్ల తాకేది.

తర్వాత 1950ల్ల డాప్సోన్ గోళి వచ్చింది. దాని ఎనుక కూడ మన డిచ్‌పల్లి వాసన ఉన్నది. లో అనే దొర, డాక్టరు, కుర్రతనంల డిచ్‌పల్లిల పనిచేసి, కలకత్తా పోయి, ఆఖరికి ఆఫ్రికాల నైజీరియా పోయి, ఆ గోళి నోటితోటి మింగినా పనిచేస్తదని తేల్చినోళ్లల్ల ఒకడు. చిన్న తెల్ల గోళి, నొప్పి లేదు, వాపు లేదు. అయితే మనోళ్లేమన్నరు? "నొప్పి లేని మందు కూడ మందేనా? పాత సూదే ఎయ్యుండ్రి" అన్నరు. నొప్పి లేదని రోగాన్ని నమ్మలేదు, నొప్పి లేదని మందును నమ్మలేదు. గోళీలు తీసుకొని అటకల మీద పెట్టినోళ్లు ఎంతమందో. మేనత్త ఇండ్లల్లకు పోయి అటకలు వెతికి, ముందర కూసొని మింగిపించేది. 1980ల్ల మూడు మందులు కలిపిచ్చుడు వచ్చినంక ఆరు నెలలు, రెండేండ్లల్లనే బాగైపోవుడు షురువైంది. వాటిల్ల ఒకటి ఒంటి రంగును జర నలుపు చేస్తది. దానికీ పెండ్లి సంబంధాలు పోతున్నయని ఏడ్చిన తల్లులున్నరు. ఏం చెప్తవు.

నిద్రొస్తున్నదా? ఆవలింత నాకు కనబడది అనుకున్నవా? ఇంకొక్కటే ఉన్నది, పటేలు ముచ్చట. అది చెప్పకుంటె నాకు నిద్ర రాదు.

ఆ ఎనుకటి రోజుల్లనే ఒక రాత్రి, ఊరు సద్దుమణిగినంక, మా దొడ్డి తలుపు కొట్టిండ్రు. చూస్తే పటేలు. దీపం లేకుంట, గొంగడి కప్పుకొని వచ్చిండు. "మా ఊర్ల ఒకాయన ఉన్నడు" అని షురువు చేసిండట. మా తాత ఆ మాట వినంగనే మొఖం తిప్పుకొని ఇంట్లకు పోయిండు, నవ్వు ఆపుకోలేక. "ఆ ఒకాయన ఈపు మీద మచ్చ ఉన్నది" అన్నడు పటేలు. మేనత్త పీట వేసింది. "ఆ ఒకాయన్ని అంగీ విప్పి ఈడ కూసోమను" అన్నది. కూసున్నడు. కండ్లు మూసుకొమ్మంటే మూసుకున్నడు. గట్టిగ, చిన్నపిల్లగాని తీరు. ఈక ఆనకముందే "ఆ, తాకింది, తాకింది" అని ఎగురుతున్నడట. "పటేలా, నేనింక ముట్టలేదు, ఊపిరి పీల్చుకో" అని మందలించి, మెల్లగ రాసింది. ప్రతి సారి చెయ్యి ఎనుకకు తిప్పి సక్కగ ఆ మచ్చ మీదనే వేలు పెట్టిండు. శోభి. ఉట్టి శోభి.

పటేలు లేసి అంగీ తొడుక్కొని, గొంతు సవరించుకొని, ఎంత ఇయ్యాలె అని అడిగిండు. పటేలుగిరి మల్ల వచ్చింది అన్నట్టు. మేనత్త అన్నది: "పైసలొద్దు. ఈక అరిగింది. ఒక కోడిని పంపు."

పొద్దుగాల జీతగాడు కోడిని పట్కొచ్చిండు. పంపుడైతే పంపిండు గని పటేలు పటేలే కదా. గుడ్లు పెట్టుడు ఎప్పుడో బంద్ చేసిన ముసలి కోడి, మెడ మీద బూరు కూడ లేదు. మేనత్త దాన్ని ఎత్తి చూసి, తోక కాడ ఇంక నాలుగు ఈకలున్నయి, చాలు అన్నది. మా నాయినమ్మ మాత్రం ఆ కోడిని సంకల పెట్టుకొని, బావి కాడ అందరికి చూపించుకుంట, ఎవరింటికెల్లి వచ్చిందో, ఎందుకొచ్చిందో, ఊరంత తిరిగి చెప్పి వచ్చింది.